తోకబండికి వేసిన కుట్టు

మన సందు, ఇస్త్రీ బల్ల పక్క నుంచి

అక్కా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు జరిగింది విను.

అమ్మ ఉతికిన దుప్పట్లు కొండ మీది లాడ్జికి తీసుకెళ్ళే వ్యానాయన ఇక రాడు. కారణం నేనే. దాచుకోవాల్సిన పని కాదు గనక గర్వంగానే రాస్తున్నాను. ఆ మనిషి సందు మొదట్లో బండి ఆపి, దిగకుండా, కనీసం కిటికీలోంచి తల కూడా బయట పెట్టకుండా హారన్ కొడతాడు. మూటలు ఎక్కేదాకా కొడుతూనే ఉంటాడు. ఆ మోతకి అమ్మ ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగు. పక్కింటి బొత్తాల పిన్ని పళ్ళ మధ్య సూది పెట్టుకునే పరుగు. మొన్న పిన్ని కాలు మడతపడి మూటతో సహా కూలబడింది. ఆయనేం చేశాడనుకున్నావు? మళ్ళీ హారన్ కొట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి హారన్ వైరు పీకి ఆయన చేతిలోనే పెట్టాను. "మనుషుల్ని పిలవడానికి నోరుంది. ఇది ఇంటికి తీసుకెళ్ళి భద్రంగా దాచుకోండి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. చెమట గురించి, చెమట పట్టనివాళ్ళ గురించి, వాళ్ళకి రాబోయే రోజుల గురించి. సందంతా నిలబడి విన్నది. ఆయన మాత్రం చివరిదాకా వినకుండానే వ్యాను తిప్పుకుని పోయాడు.

నేను ఇంట్లోకొచ్చేసరికి అమ్మ మొహం చూడాలి. "శభాష్ రా! ఇవాళ్టి నుంచి దుప్పట్లు నీ ఉపన్యాసం మీద పేర్చి పంపిస్తాను, కొండెక్కించు" అంది.

లాడ్జి మేనేజరు సంగతి నీకు తెలుసుగా. మధ్యాహ్నం గదులు మారే వేళకి ఉతికిన దుప్పట్లు అక్కడ ఉండాలి. ఉండకపోతే మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన మిషన్ల లాండ్రీకి ఇచ్చేస్తానని కబురంపాడు. ఈ నెలాఖరు దాకా చూస్తాడట. లాడ్జి పని పోతే అమ్మకీ పిన్నికీ ఇంకేముంది? ఇప్పుడు అమ్మ తన స్కూటర్ వెనక ఒక్కో మూట కట్టుకుని తిరుగుతోంది. పైకి చేరేసరికి ఇస్త్రీ నలిగిపోతోంది, మధ్యాహ్నమూ దాటిపోతోంది.

అందుకని నేనొక నిర్ణయానికొచ్చాను. వ్యాన్లున్నవాళ్ళ దయ మనకొద్దు. అమ్మ స్కూటర్‌కి వెనక తగిలించే తొట్టి ఒకటి నేనే చేస్తాను. రెండు చక్రాలు, ఒక చట్రం, ఒక పెట్టె, స్కూటర్‌కి తగిలించడానికి ఒక కొక్కెం. ఈమధ్య మా ప్రెస్సులో మడతపెట్టిన కరపత్రంలో సరిగ్గా ఇదే ఉంది: పనిముట్టు ఎవడి చేతిలో ఉంటే రోజు వాడిది. అమ్మ ఒప్పుకుంది, రెండు షరతుల మీద. ఒకటి, "నా స్కూటర్‌కి ఒక్క బెజ్జం వేశావంటే నీ చెవులకి రెండు వేస్తాను." రెండు, నీ ఇనప మంచం ముట్టుకోకూడదు. చట్రానికి ఆ మంచం అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. నువ్వెళ్ళినప్పటి నుంచీ ఖాళీగానే పడి ఉంది. అయినా అమ్మ వారం వారం దాని మీద దుప్పటి మారుస్తోంది.

నువ్వు రోజూ పడవలే అతికిస్తున్నదానివి. నీకు తొట్టి ఒక లెక్కా? ఎలా చెయ్యాలో రాయి. త్వరగా రాయి. అమ్మా నువ్వూ పట్టిన పంతం నాకనవసరం. "వెల్డింగా? నువ్వా? నిప్పు చేత్తో పట్టుకున్న రోజున నాకు ఉత్తరం రాయి" అని ఆవిడంటే, నువ్వు నిజంగానే ఆవిడకి ఒక్క ముక్క రాయకుండా నాకు మాత్రమే రాయడం ఏం న్యాయం? సరే, నాకే రాయి. కానీ త్వరగా.

నీ తమ్ముడు


పడవల యార్డు, ఆడవాళ్ళ గది, కిటికీ పక్క పై మంచం

ఒరేయ్ టపాకాయ్,

నీ ఉత్తరం భోజనాల దగ్గర చదివి పడీ పడీ నవ్వాను. పక్కవాళ్ళు ఏంటని అడిగితే "మా తమ్ముడు హారన్ పీకాడు" అన్నాను. ఇక్కడ రంగుల షెడ్డులో ఇప్పుడు నువ్వొక వీరుడివి. తర్వాత గదికొచ్చి మళ్ళీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు. హారన్ పీకింది నువ్వు, కొండెక్కుతోంది అమ్మ.

కోపగించుకోకు. తప్పు చేశావనట్లేదు. నేనున్నా పీకేదాన్నే, కాకపోతే మూటలు పైకి చేరాక పీకేదాన్ని. నీతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ప్రెస్సులో పెద్ద కాగితం మీద మొదటి పేజీ పక్కనే చివరి పేజీ అచ్చవుతుందని నువ్వే చెప్పావు. నువ్వు మడతపెట్టకముందే చదివేస్తావు. అందుకే నీ ఆలోచనలకి మొదలూ తుదీ ఉంటాయి, మధ్య ఉండదు.

ఇప్పుడు మధ్య సంగతి. సైకిల్ చక్రాలు వాడకు, బరువుకి పక్కకి ఒరిగిపోతాయి. పాత సామాన్ల కొట్లో విరిగిన మోపెడ్లు ఉంటాయి, వాటి చక్రాలు రెండు పట్టు. రెంటికీ కలిపి ఒకటే ఇరుసు, గట్టి కడ్డీ. ఆ ఇరుసుని చట్రానికి బిగించడానికి గుర్రపు నాడాలా వంగిన బోల్టులు దొరుకుతాయి, అవి వాడు. అప్పుడు ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. అడుగుకి ప్లైవుడ్డు, చుట్టూ పల్చటి రేకు. మూత తప్పనిసరి. ఉతికిన దుప్పటికి దుమ్మంటే ఏంటో అమ్మ దగ్గర పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మంచం కొయ్యి. నేను కొయ్యమన్నానని చెప్పు. ఇక్కడ నాకు మంచం ఉంది. పైది. ఎక్కేటప్పుడల్లా కప్పుకి తల కొట్టుకుంటున్నాను, అదొక్కటే లోటు.

అమ్మ అడిగితే పని బాగుందని చెప్పు. అడక్కపోతే ఏమీ చెప్పకు.

అక్క


మన సందు, సగం కోసిన మంచం మీంచి

అక్కా,

మంచం కోశాను. ముందు అమ్మ వినలేదు. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను, "ఇక్కడ నాకు మంచం ఉంది" అన్నది కూడా. అమ్మ వెళ్ళి పరుపు తీసి ఎండలో వేసి, కర్రతో కొట్టింది. ఏ పరుపునీ అంతసేపు కొట్టడం నేను చూడలేదు. తర్వాత చుట్టచుట్టి బీరువా మీద పెట్టింది. "కొయ్యి. కాళ్ళు నాలుగూ మాత్రం పారెయ్యకు" అని లోపలికెళ్ళిపోయింది.

ఇక నా బండి గురించి. సందులో పిల్లలు దీనికి తోకబండి అని పేరు పెట్టారు. ప్రెస్సు నుంచి రాగానే మొదలుపెట్టి దీపాల వేళకి ఆపేవాణ్ణి. నీలిరంగు వేశాను. ఎక్కడా రాజీపడలేదు. ముఖ్యంగా ఇరుసు విషయంలో. దాన్ని చట్రానికి సరిగ్గా నడిమధ్య బిగించాను. ముందుకెంత బరువో వెనక్కీ అంతే. ముందువాడు ఎక్కువా వెనకవాడు తక్కువా అనే భేదం నా బండిలో లేదు. బొత్తాల పిన్నికి ఇదంతా వివరిస్తే, "అట్లాగా నాయనా, మరి మూత ఇంకా పెట్టలేదేం?" అంది. సిద్ధాంతం అందరికీ వెంటనే ఎక్కదు.

స్కూటర్‌కి బెజ్జం వెయ్యకుండా ఎక్కడ తగిలించాలా అని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే దారి చూపింది అమ్మే. "వెనక స్టెప్నీ ఉందిగా. అది తీసి, ఆ బోల్టులకే నీ కొక్కెం బిగించు. స్టెప్నీ నీ తొట్టిలో పడుకుంటుంది" అంది. ఒప్పుకోడానికి బాధగా ఉంది గానీ బ్రహ్మాండమైన ఆలోచన. సరైన కొక్కెం లేదు కాబట్టి తాత్కాలికంగా ఒక కర్ర అడ్డంపెట్టి తాడుతో బిగించాను.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. చెయ్యి రావట్లేదు.

ఖాళీ బండి తిప్పి చూశాను, పెళ్ళికూతురులా వచ్చింది. ఇంకేం పరీక్ష అని మర్నాడు దుప్పట్లన్నీ ఎక్కించేశాను. అమ్మ వద్దంటూనే ఉంది. బడి దాటి రోడ్డు కాస్త వాలుగా దిగేచోట వేగం పెరిగింది. అంతే, వెనక నుంచి తోక ఊపడం మొదలైంది. ముందు కొంచెం. తర్వాత ఎడమకీ కుడికీ బాదేస్తూ, కుక్క నీళ్ళు దులుపుకున్నట్టు. తాడు తెగింది. నేను గోడకి, బండి కాలవకి. ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసిన దుప్పట్లక్కా. దిండు గలీబులు కాలవలో పడవల్లా తేలుతూ పోతుంటే నేను ఒడ్డమ్మట పరిగెత్తాను.

పిన్నీ అమ్మా కూర్చుని అన్నీ మళ్ళీ ఉతికారు. లాడ్జికి సాయంత్రానికి చేరాయి. "ఇంకొక్కసారి ఇలా జరిగితే నెలాఖరు దాకా కూడా ఆగను" అన్నాడు మేనేజరు. నెలాఖరు ఎంతో దూరం లేదు.

ఎక్కడ తప్పు చేశాను? తాడు వల్లేనా? అలాగైతే కొక్కెం నువ్వే చేసి పంపించు. ఒక్క పూట పని కదా నీకు.

నీ తమ్ముడు


పడవల యార్డు, రంగుల షెడ్డు మెట్ల మీద

ఒరేయ్,

దెబ్బ ఎక్కడ తగిలిందో రాయలేదు. గోడకి తగిలింది తలైతే గోడ సంగతి కూడా రాయి.

తాడు వల్ల కాదు. నీ సమానత్వం వల్ల. ఇక్కడ పడవల్ని నీళ్ళ దాకా జీపు వెనక తొట్టి మీద లాక్కెళతారు. రోజూ చూస్తాను. ఇరుసు ఎప్పుడూ నడిమధ్య ఉండదు, కొంచెం వెనక్కి ఉంటుంది. అప్పుడు బరువు కాస్త ముందుకి మొగ్గి లాగేవాడి మీద పడుతుంది. ఎక్కువ కాదు, చెయ్యి భుజం మీద వేసినంత. ఆ కాస్త బరువు ఉంటేనే వెనకది ముందుదాన్ని పట్టుకుని నడుస్తుంది. నువ్వు ముందూ వెనకా సమానం చేసేసరికి నీ బండి స్కూటర్ మీద ఏ భారమూ వెయ్యలేదు. దుప్పట్లు వెనక్కి జారగానే కొక్కేన్ని పైకి ఎత్తి ఉంటుంది కూడా. ఎవరి మీదా ఆనకుండా ఎవరి వెనకైనా ఎలా నడుస్తాం రా?

ఇరుసుని నాలుగు వేళ్ళు వెనక్కి జరుపు. స్టెప్నీని ముందు వైపు పడుకోబెట్టు. మూటల్లో బరువైనవి ముందు. ఈసారి దుప్పట్లతో కాదు, ఇటుకలతో పరీక్షించు.

కొక్కెం బొమ్మ గీసి పెడుతున్నాను. మా జీపుది ఇలాగే ఉంటుంది. నిలువుగా ఒక మేకు, దాని చుట్టూ తిరిగే చెవిలాంటి రింగు. పక్కలకి చక్కగా తిరుగుతుంది. అక్కడే ఎవరితోనైనా చేయించుకోగలవేమో చూడు. నేను చెయ్యడమంటే, ఇక్కడ మేస్త్రీని అడగాలి. పడవ ఒకటి గడువు మీద ఉంది. వీలు చూసుకుని అడుగుతాను.

అమ్మ మళ్ళీ ఉతికిందంటే చేతులు పగిలుంటాయి. నూనె రాసుకోమను. నేను చెప్పానని చెప్పక్కర్లేదు.

అక్క


మన సందు, కట్టు కట్టిన మోకాలి మీద కాగితం పెట్టుకుని

అక్కా,

ఇరుసు జరిపాను. నువ్వు చెప్పింది నిజమే. ఇటుకలేసుకుని ఎంత వేగంగా పోయినా తోక ఊగలేదు. నీకు దక్కాల్సిన మెచ్చుకోలు ఇది, తీసుకో. ఇక మిగతాది.

నీ బొమ్మ చూసి గేటుకుండే పాత బందు ఒకటి నిలువుగా బిగించాను. పక్కలకి తలుపులా తిరిగింది. పోస్టాఫీసు దగ్గర మలుపు తిరగబోయాను. స్కూటర్ వాలదు! నేను వాలుద్దామంటే వెనక నుంచి ఎవడో రెండు చేతుల్తో నిటారుగా పట్టుకున్నట్టుంది. బలవంతంగా వాల్చాను. తోకబండి చక్రం ఒకటి గాల్లోకి లేచింది, బందు పటుక్కుమంది, నేను పోస్టాఫీసు మెట్ల మీద తేలాను. పోస్టుమాస్టరు కళ్ళజోడు సర్దుకుని, "ఉత్తరం డబ్బాలో వేస్తే చాలు నాయనా, నువ్వే రానక్కర్లేదు" అన్నాడు.

నువ్వు గీసింది జీపు కొక్కెం. జీపు మలుపులో వాలుతుందా? స్కూటర్ వాలుతుంది! నిలువు మేకు ఒక్కటే పెడితే వాలే దారేది? మూడు విధాల కదలాలి: పక్కలకి, పైకీ కిందకీ, మెలితిప్పినట్టు ఇటూ అటూ. అంత చిన్న సంగతి నీకెందుకు తట్టలేదు? ఆఫీసు గదిలో కూర్చుని బొమ్మలు గీసి కిందికి పంపేవాళ్ళ పద్ధతి నీకెప్పుడబ్బింది?

కొక్కెం చేసి పంపమని అడిగి ఎన్నాళ్ళయింది! "మేస్త్రీని అడగాలి. వీలు చూసుకుంటాను. గడువు ఉంది." ఈ భాష నాకు తెలుసు. లాడ్జి మేనేజరుది ఇదే, మా ప్రెస్సు ఓనరుది ఇదే. నువ్వు కూడా ఆ వైపుకి చేరిపోయావన్నమాట. రోజంతా చేతిలో నిప్పు పట్టుకునే మనిషికి ఇంత ముక్క ఇనుము అతికించడానికి తీరిక లేదు! ఇక్కడ అమ్మ తెల్లారగానే స్కూటర్ తీసి, ఒక్కో మూటా మోసుకుని కొండెక్కి దిగుతోంది. మొన్న రెండో దఫా దిగాక స్టాండు వెయ్యడానికి కూడా ఓపిక లేక గోడకి ఆనించి, తనూ ఆనుకుని నిలబడింది. నేను చూశానని తెలిసి, "ఏంటి చూపు, స్కూటర్ తుడుద్దామని ఆగాను" అంది.

నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా మాత్రం చుట్టుపక్కలే తిరుగుతుంది. ఏమీ అడగదు. నేను కాగితం మడిచాక మెల్లగా, "కాగితం పల్చగా ఉందే, అక్కడ మంచి కాగితం దొరకదా?" అంటుంది.

నీ వల్ల అవుతుందో కాదో ఒక్క మాట రాయి. కాకపోతే నేనే చేసుకుంటాను. ఎవరి దయా అక్కర్లేదు.

తమ్ముడు


పడవల యార్డు

తమ్ముడూ,

స్కూటర్ వాలుతుందన్నది నాకు తట్టలేదు. నేను నడిపింది ఎప్పుడు? అమ్మ వెనక కూర్చున్నాను, అంతే. వెనక కూర్చున్నవాళ్ళకి వాలడం తెలీదు, నడిపేవాళ్ళతో పాటు వాలిపోతారు. నీ మాట నిజం, నా బొమ్మ తప్పు. మోకాలు జాగ్రత్త.

మళ్ళీ గీశాను. స్టెప్నీ బోల్టులకి బిగించే పలక. దానికి నిలువు మేకు, అది పక్కల తిరగడానికి. దాని చెవికి అడ్డం మేకు ఒకటి, ఎత్తుపల్లాలకి. దాని వెనక లావు పైపులో సన్న పైపు, నువ్వన్న మెలితిప్పుడికి. లోపలిది ఊడిపోకుండా చివర నట్టు. ఏ కారణం చేతనైనా కొక్కెం విడిపోతే బండి రోడ్డు మీద విడిగా దొర్లిపోకుండా స్కూటర్‌నే పట్టుకుని ఉండేలా పక్కన చైను. ఇది నువ్వు చెప్పకపోతే నాకు వచ్చేది కాదు.

నువ్వు నన్నన్న మాటలు మళ్ళీ చదవదలచుకోలేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. నీకు కావాల్సింది నువ్వు అరిచి తీసుకుంటావు. నాకు అరవడం రాదు. అడగాలి. కాదంటే ఏం చెయ్యాలో ముందే పదిసార్లు అనుకుని, ఇక అడగకుండానే షెడ్డుకి తిరిగొచ్చేస్తాను. అది నీకు ఏ కరపత్రంలోనూ దొరకదు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి నేరుగా మేస్త్రీ దగ్గరికే వెళుతున్నాను. ఈసారి తిరిగి రాను.

మన ఊరి మీదుగా రంగు డబ్బాల లారీ వెళుతుంది. పని అయితే దాంట్లో పంపిస్తాను. కొలతలు రాసి పంపు. స్టెప్నీ బోల్టుల మధ్య దూరం కాగితం మీద వేళ్ళతో కాదు, కాగితాన్నే వాటి మీద పెట్టి అచ్చు తీసి పంపు.

అక్క


మన సందు, తోకబండి మూత మీంచి

అక్కా,

అచ్చు పంపాక లారీ ఆయన వచ్చేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది నీతో. ఆ ఉత్తరంలో నేను రాసినవాటిలో జీపు సంగతి తప్ప మిగతాదంతా కొట్టెయ్. అంతకన్నా ఎలా రాయాలో తెలీదు. ఏ కరపత్రంలోనూ దొరకలేదు.

కొక్కెం వచ్చింది. గోనె విప్పగానే నేను ఎగిరి గంతేసి పానా తీసుకున్నాను. అమ్మ నా చేతిలోంచి కొక్కెం లాక్కుంది. గడప మీద కూర్చుని, వెలుతురు వైపు తిప్పి, చిరిగిన దుప్పటి చూసినట్టు చూడటం మొదలుపెట్టింది. నువ్వు అతికించినచోట బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాసింది. పలక దగ్గర నుంచి పైపు చివరిదాకా ఒకసారి, చివర నుంచి మళ్ళీ మొదటికి ఒకసారి.

"ఇక్కడ మొదలుపెట్టింది" అంది, పలక దగ్గర గడ్డలు గడ్డలుగా ఉన్నచోట. "చెయ్యి వణికింది. ఇక్కడ ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుంది. ఇక్కడికొచ్చేసరికి కుదిరింది. ఇదిగో, ఈ చివర చూడు, ఒక్క కుట్టు ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"అంటే బాగాలేదంటావా?" అన్నాను.

"మొదటిసారి వేసిన కుట్టురా ఇది" అంది. "నేను వేసిన మొదటి కుట్టు ఇంతకన్నా ఘోరంగా ఉండేది. ఆ గలీబు మా అమ్మ దాచుకుంది."

నేను నోరు తెరిచాను. అన్నాళ్ళ నుంచి పడవలు అతికిస్తున్న మనిషికి ఇది మొదటి కుట్టేంటి అని వాదించబోయాను. తర్వాత నీ ఉత్తరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రంగుల షెడ్డు మెట్లు. మేస్త్రీని అడగాలి. వెళుతున్నాను, ఈసారి తిరిగి రాను. నోరు మూసుకున్నాను. ఇది జరగడం ఎంత అరుదో నీకు తెలుసు.

ఇటుకలతో రెండు రోజులు తిప్పాం. మలుపులో వాలింది, గుంటలో దిగి ఎక్కింది, వాలులో నెట్టలేదు. మూడో రోజు నెల ఆఖరి రోజు. దుప్పట్లన్నీ ఒకేసారి ఎక్కించి, బరువైనవి ముందు పేర్చి, మూత వేసి నేను హ్యాండిల్ పట్టుకోబోతే అమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది. "స్కూటర్ ఎవరిది?" అంది.

"నీదే, కానీ తోకబండి నాది."

"అయితే తోక దగ్గర నడువు."

నడవడమేంటి, పరిగెత్తాను. పిన్ని సందు చివరిదాకా వచ్చి చెయ్యి ఊపింది. బడి దాటి దిగుడులో అమ్మ వేగం తగ్గించింది, తోక కదల్లేదు. పోస్టాఫీసు మలుపులో అమ్మ వాలింది, స్కూటర్ వాలింది, నీ పైపులో పైపు తిరిగింది, నీలి పెట్టె మాత్రం నిటారుగా వెనకే వెళ్ళింది. పోస్టుమాస్టరు మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టాడు. కొండ ఎక్కేటప్పుడు ఇంజను మూలిగింది గానీ ఆగలేదు. నేను ఆగాను, రెండుసార్లు.

నేను పైకి చేరేసరికి లాడ్జి గేటు దగ్గర ఎవరున్నారనుకున్నావు? వ్యానాయన. వంటింటి సామాన్లు దించుతున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కొక్కెం చూశాడు, చెయ్యి పెట్టి ఊపి చూశాడు. నా ఉపన్యాసం గొంతులో సిద్ధంగా ఉంది. అమ్మ నా వైపు చూసిన చూపుకి అక్కడే ఇంకిపోయింది.

"ఇదెవరు అతికించారు?" అన్నాడాయన.

"మా అమ్మాయి" అంది అమ్మ. "వెల్డరు. పడవలు అతికిస్తుంది."

అక్కా, ఆ మాట ఆవిడ ఎలా అందో నేను రాయలేను. చెబుతూ బొటనవేలు మళ్ళీ ఆ గడ్డల మీద పెట్టింది.

ఆయన తల ఊపాడు. "నా వ్యాను వెనక తలుపు బందు ఊడింది. ఇక్కడెవరూ సరిగ్గా అతకట్లేదు" అన్నాడు. నాకెందుకో ఆయన మీద కోపం రాలేదు. కొంచెమే వచ్చింది. హారన్ వైరు నేను పీకింది నేనే అతికిస్తానన్నాను, దిగి నోటితో పిలుస్తానంటేనే. "పిన్నిగారి కాలెలా ఉంది?" అని అడిగాడు. అది అవునో కాదో తెలీదు, కానీ అడిగాడు.

మేనేజరు మూత ఎత్తి, పైన రెండు దుప్పట్లు వేలితో నొక్కి, గోడ గడియారం చూశాడు. మధ్యాహ్నానికి ఇంకా టైముంది. "సరే, వచ్చే నెల నుంచీ మీరే" అన్నాడు. "కిటికీ తెరలు కూడా ఉతుకుతారా?" అన్నాడు. అమ్మ, "మా బండిలో పడతాయి" అంది. మా బండి!

ఇక కింద అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. మధ్యలో నా మాట ఒక్కటి దూర్చినా కాగితం చింపేస్తానంది.

కొక్కెం అందింది. బాగుంది. మొదట్లో బాగాలేదు, తర్వాత బాగుంది. కుట్టు నిలబడింది. కొండెక్కి దిగాక మళ్ళీ తడిమి చూశాను, ఎక్కడా విడలేదు. అతికేటప్పుడు కళ్ళకి అడ్డం పెట్టుకున్నావా లేదా అన్నది వీడికి రాయి, నాకు చెబుతాడు.

(ఇక్కడ అమ్మ లేచెళ్ళి బీరువా మీది పరుపు సర్ది వచ్చింది. ఇది నా మాట కాదు, జరిగింది రాస్తున్నాను, చింపకూడదు.)

మంచం కాళ్ళు నాలుగూ అటక మీద ఉన్నాయి. పరుపు బీరువా మీద ఉంది. మధ్యలో చట్రమే లేదు. అది చెయ్యడానికి ఇక్కడ నమ్మకమైన వెల్డరు లేరు. నువ్వే వచ్చి అతికించుకుని పడుకో. అందాకా నా పక్కన పడుకోవచ్చు, కాళ్ళు మాత్రం వెయ్యొద్దు.

అంతేనట. సంతకం పెట్టమంటే, "నా బొటనవేలు కొక్కెం మీద ఉంది చాల్లే" అంది.

నీ తమ్ముడు


పడవల యార్డు, వెల్డింగ్ షెడ్డు

అమ్మా,

నిప్పు పట్టుకున్న రోజున రాయమన్నావు. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. పట్టుకున్న రోజున కూడా రాయలేకపోయాను, చెయ్యి వణుకుతూనే ఉంది.

చేరినప్పటి నుంచీ నా చేతిలో ఉన్నది తుప్పు గీకే పలక, రంగు బ్రష్షు. తమ్ముడి కొక్కెం కోసం మేస్త్రీ దగ్గరికెళ్ళి, నేనే అతికిస్తాను, నేర్పండి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇన్నాళ్ళూ అడగవేం? నీకు రంగులే ఇష్టమనుకున్నాను" అన్నాడు. ముందు పాత ముక్కల మీద రోజూ వేయించాడు. తర్వాత కొక్కేనికి వెయ్యమన్నాడు. అయ్యాక సుత్తితో బాదాడు, ఇసుక బస్తాలు వేలాడదీసి ఒక రోజంతా ఉంచాడు. విడలేదు. నిలబడుతుంది, చూడ్డానికే బాగాలేదన్నాడు. మొదట్లో ఉన్న గడ్డలు అరగదీసి నున్నగా చేసి ఇస్తాను, ఎవరికీ తెలీదు అన్నాడు.

వద్దన్నాను. నువ్వు చూస్తావని తెలుసు.

కళ్ళకి ముసుగు ఉంది. ఇప్పుడు నాదంటూ ఒకటి ఇచ్చారు, గోడకి నా మేకు నాకుంది. పడవ నీళ్ళలోకి దిగాక సెలవు దొరుకుతుంది. మంచానికి ఎంత ఇనుము కావాలో కొలిచి ఉంచమని తమ్ముడికి చెప్పు. వాణ్ణి ఒక్కణ్ణే కొలవనిస్తే అన్నీ నడిమధ్యకే కొలుస్తాడు, పక్కన నిలబడి చూడు. వ్యానాయన తలుపు బందు కూడా అప్పుడే చూస్తాను.

కొండ దిగేటప్పుడు ముందుగా వెనక బ్రేకే పట్టు. బయల్దేరే ముందు చైను తగిలించావో లేదో ఒకసారి చూసుకో. చేతులకి నూనె రాసుకో. ఇది నేనే చెబుతున్నాను.

నీ అమ్మాయి